గుంటనక్క మీద ఏ రంగు వెలుతురు?

రాత్రిపూట నక్కను చూడాలంటే దీపానికి ఏ రంగు ఫిల్టరు తొడగాలి? ఈ ప్రశ్న మన దగ్గర పుట్టింది కాదు. ఇంగ్లండులో కోళ్లను, గొర్రెపిల్లలను కాపాడుకోవడానికి రాత్రి దీపాలు వేసి నక్కలను కాలుస్తారు. 19వ శతాబ్దంలో తెల్లవాళ్లు తెచ్చి వదిలిన ఎర్రనక్కల బెడద తగ్గించడానికి ఆస్ట్రేలియాలోనూ అదే పని చేస్తారు. రంగు సంగతి ఆ వేటగాళ్లు చాలాకాలంగా తేల్చుకోలేకపోతున్నారు. ఒకరు ఎరుపంటారు, ఒకరు తేనెరంగంటారు, ఇంకొకరు ఆకుపచ్చ తప్ప పనికిరాదంటారు. ఆ వాదన వెంటే సరుకు కూడా ప్రపంచమంతా తిరిగింది. ఇవాళ కర్నూల్లో కూర్చుని ఫోను నొక్కితే మూడు రంగుల మూతలతో తలలైటు ఇంటికే వస్తుంది.

సరుకు వచ్చినంత సులువుగా ఆ ప్రశ్నను మన సీమకు తెచ్చుకోలేం. ఇక్కడ నక్క వేరు, చట్టం వేరు, నేల కూడా వేరు. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల బీళ్లలో దీపంతో నక్కను వెతికే పని న్యాయంగా చేసేవాళ్లు కొద్దిమందే: లెక్కలు కట్టే పరిశోధకులు, అటవీశాఖ సిబ్బంది, ఫొటోలు తీసేవాళ్లు. వాళ్లకు ఈ రంగుల వాదనలో పనికొచ్చేదెంత, వదిలేయాల్సిందెంత అన్నదే ఈ సమీక్ష. సారాంశం ముందే చెప్పుకోవచ్చు. రంగుకు కొంత విలువ ఉంది, కాని దాన్ని అమ్మేవాళ్లు చెప్పినంత లేదు. వెలుతురు ఎంత తక్కువ, ఎంతసేపు, ఏ వైపు నుంచి అన్నవి రంగుకన్నా పెద్ద ప్రశ్నలు.

ఎవరి నక్క, ఎవరి దీపం

మన బీళ్లలో ఉండేది గుంటనక్క. శాస్త్రం పేరు వల్పిస్ బెంగాలెన్సిస్. బరువు రెండు మూడు కిలోలు, తోక కొస నలుపు, ఒళ్లు బూడిద కలిసిన గోధుమరంగు. ఊరి చివర ఊళపెట్టే నక్క దీనికన్నా బాగా పెద్దది, కుక్కకూ తోడేలుకూ దగ్గరి చుట్టం. గుంటనక్క చెదలు, పేడపురుగులు, ఎలుకలు, తొండలు, రాలిన రేగుపళ్లు తిని బతుకుతుంది. అంటే రైతుకు నష్టం చేయడం కన్నా మేలు చేయడమే ఎక్కువ. పొట్టిగడ్డి మైదానాల్లో పలు నోళ్లున్న బొరియలు తవ్వుకుని, వేసవికి ముందు పిల్లల్ని పెడుతుంది. ఒకప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో ఉన్న రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటుచేశారు. దాని విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఆ గడ్డిలో గుంటనక్కల మీద రవి మానకదన్, అసద్ రహమానీ చేసిన అధ్యయనం 2000లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. మన గడ్డినేలల నక్క గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ అక్కడినుంచే మొదలుపెట్టాలి.

చట్టం విషయంలో సందేహానికి చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలి రూపంలో లైసెన్సు వేట ఉండేది. అప్పుడు కూడా రాత్రివేట మీద, కృత్రిమ కాంతితో వేట మీద ఆంక్షలు పెట్టారు. 1991 సవరణతో ఆ లైసెన్సులే పోయాయి. గుంటనక్కకూ నక్కకూ తోడేలుకూ చట్టరక్షణ ఉంది. దీపం వేసి కాల్చడం నేరమే, ఏ రంగు దీపమైనా సరే. అయినా తలలైటు కట్టుకుని చెవులపిల్లుల కోసం, కంజుల కోసం తిరిగేవాళ్లు సీమ పల్లెల్లో లేరనుకోవడం అమాయకత్వం. నక్క తోక తొక్కితే అదృష్టమన్న మాట మన నోళ్లలో నలగడం వల్ల నక్కకు ఒరిగిందేమీ లేదు. లేని ‘నక్క కొమ్ము’ను తాయెత్తుగా అమ్మే మోసం ఇంకా సాగుతూనే ఉంది. అందుకే వేటగాళ్ల అనుభవంలోంచి వచ్చిన విజ్ఞానాన్ని గమనింపు కోసం వాడుకునేటప్పుడు దాని పుట్టుక మరవకూడదు. వేటగాడికి నక్క ఒక్కసారి నిలబడితే చాలు. పరిశోధకుడికి అదే నక్క రేపూ, వచ్చే ఏడూ ఏమీ జరగనట్టే తిరగాలి.

కంటి లోపలి లెక్క

రంగు ఫిల్టర్ల వాదనకు ఆధారం జంతువు కన్ను. కంటి వెనక పొరలో రెండు రకాల కణాలుంటాయి. మసకచీకట్లో పనిచేసేవి దండ కణాలు, పగటి వెలుతురులో రంగులు పోల్చేవి శంకు కణాలు. మనిషికి మూడు రకాల శంకు కణాలుంటే కుక్కలకూ నక్కలకూ రెండే. జెరాల్డ్ జేకబ్స్, ఆయన సహచరులు కుక్కల మీద, మూడు రకాల నక్కల మీద చేసిన పరీక్షల ఫలితాలు 1993లో వచ్చాయి. ఒక రకం శంకు కణం నీలి అంచున, సుమారు 430 నానోమీటర్ల దగ్గర, రెండోది పసుపుపచ్చ దగ్గర, సుమారు 555 నానోమీటర్ల వద్ద బాగా స్పందిస్తాయని తేలింది. ఎరుపుకంటూ విడిగా కణం లేదు. ‘నక్కకు ఎరుపు కనబడదు’ అన్న ప్రచారం ఇక్కడినుంచే పుట్టింది.

అయితే ఆ మాట సగమే నిజం. ఎరుపును రంగుగా పోల్చుకోలేకపోవడం వేరు, ఎర్రటి వెలుతురు అసలు కనబడకపోవడం వేరు. 555 దగ్గర శిఖరం ఉన్న కణం 630 దగ్గర బాగా మందగిస్తుంది, కాని మూతపడదు. ఎర్రదీపాన్ని చాలినంత గట్టిగా వేస్తే నక్కకు అది మసక వెలుగుగా కనబడుతుంది.

అసలు లాభం దండ కణాల దగ్గర ఉంది. మనిషి కంటికి ప్రమాణంగా వాడే పట్టిక చూస్తే, దండ కణాల స్పందన సుమారు 507 నానోమీటర్ల దగ్గర, అంటే నీలాకుపచ్చలో, శిఖరాన ఉంటుంది. 590 దగ్గరి తేనెరంగుకు వచ్చేసరికి అది దాదాపు ఆరున్నర శాతానికి, 630 దగ్గరి ఎరుపుకు శాతంలో మూడోవంతుకు పడిపోతుంది. క్షీరదాల దండ కణాలు ఇంచుమించు ఒకే తీరున పనిచేస్తాయి కాబట్టి నక్క విషయంలోనూ లెక్క ఈ దరిదాపుల్లోనే ఉంటుంది. మరోవైపు మన పగటి చూపు 590 దగ్గర మూడొంతులు, 630 దగ్గర పావుకు కాస్త ఎక్కువగా పనిచేస్తుంది. ఈ తేడాయే ఎర్రదీపానికి ఉన్న అసలు బలం. చీకటికి అలవాటుపడిన నక్క కన్ను పెద్దగా చెదరకముందే మన కంటికి ఆ దృశ్యం అందుతుంది.

ఇక మెరుపు సంగతి. నక్క కంటి వెనక టాపిటం అనే అద్దంలాంటి పొర ఉంటుంది. వచ్చిన వెలుతురును అది వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. అందుకే దీపం మన కళ్లకు ఎంత దగ్గరగా ఉంటే మెరుపు అంత బాగా కనబడుతుంది. నుదుటి మీది చిన్న లైటు చూపించే కళ్లను, నడుం దగ్గర పట్టుకున్న పెద్ద టార్చి చూపించలేకపోవచ్చు. వేల లూమెన్ల లైటు కొనేముందు ఈ ఒక్క విషయం తెలిసినా డబ్బు మిగులుతుంది, జంతువు కళ్లు కూడా కాస్త తెరిపినపడతాయి.

మూడు రంగుల మంచిచెడ్డలు

ఫిల్టరు ఒక జల్లెడ. ఉన్నదాంట్లో కొంత ఆపుతుంది తప్ప కొత్తగా ఏమీ కలపదు. పాత హాలోజన్ బల్బులో ఎరుపు దండిగా ఉంటుంది, కాబట్టి ఎర్రగాజు తొడిగినా వెలుతురు బాగానే మిగిలేది. ఇప్పటి తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలి దీపం. దాని మీద పూసిన పసుపు పూత వల్ల తెల్లగా కనిపిస్తుంది. అందులో ముదురు ఎరుపు తక్కువ. దానికి ఎర్ర మూత పెడితే బ్యాటరీ ఖర్చు అంతే, వెలుతురు మాత్రం పిసరంత. పుట్టుకతోనే ఎరుపు చిమ్మే ఎల్‌ఈడీ ఉన్న లైటు ఎంచుకోవడమే తెలివి. పాతకాలపు పుస్తకాల్లోని ‘ఎర్రగాజు తొడగండి’ అన్న సలహా ఈ మార్పుతో చాలావరకు కాలం చెల్లింది.

స్టేషనరీ షాపులో దొరికే ఎర్ర జిలుగు కాగితం చుట్టుకునేవాళ్లున్నారు. ఒక పొర చుడితే పసుపు, ఒక్కోసారి నీలం కూడా జారిపోతాయి. ఎంత జారుతున్నాయో చూడాలంటే పాత సీడీ చాలు. దాని మెరిసే వైపు మీద లైటు పడేలా పట్టుకుంటే రంగులు విడిపోయి కనిపిస్తాయి. ఎరుపు పట్టీ ఒక్కటే మిగిలితే పనికొస్తుంది, పక్కన ఆకుపచ్చ తొంగిచూస్తే పనికిరాదు. హాలోజన్ బల్బుకు ఇలాంటి కాగితం కడితే వేడికి ముడుచుకుపోతుందన్నది వేరే చెప్పనక్కర్లేదు.

తేనెరంగుది మధ్యేమార్గం. మన కంటికి ఎరుపుకన్నా ఎంతో స్పష్టం, జంతువు దండ కణాలకు తెలుపుకన్నా బాగా మెత్తన. దూరాన ఉన్నది గుంటనక్కా, ఊరకుక్కా అని పోల్చుకోవలసిన లెక్కల పనికి ఇదే నయం. ఆకుపచ్చ సంగతి దీనికి తలకిందులు. 520, 530 నానోమీటర్ల ఆకుపచ్చ మన కంటికి ఇంపుగా ఉంటుంది, అందుకే వేటగాళ్లలో దానికి గిరాకీ. కాని నక్క దండ కణాల శిఖరం కూడా ఆ పక్కనే. శరీరధర్మం లెక్కలో నక్కకు అన్నిటికన్నా ప్రకాశంగా కనిపించే రంగుల్లో అదొకటి.

మరి ఆకుపచ్చతో నక్క బెదరలేదని చెప్పే వేటగాళ్లంతా అబద్ధాలాడుతున్నారా? అక్కర్లేదు. తెల్లదీపం పడగానే తుపాకి పేలిన అనుభవం ఉన్న నక్క మరోసారి తెల్లదీపానికి నిలబడదు. కొత్త రంగు వేస్తే కొన్నాళ్లు నిలబడుతుంది, ఆ రంగుకూ ప్రమాదానికీ ముడి ఇంకా పడలేదు కనుక. అంటే వేటగాళ్ల సాక్ష్యంలో కన్ను ఎంత, నేర్చుకున్న భయం ఎంత అన్నది విడదీయడం కష్టం. మన సీమ బీళ్లలో కూడా మోటారు వేయడానికి రాత్రి తిరిగే రైతు బ్యాటరీ లైటు, బండి హెడ్‌లైటు, దొంగవేటగాడి తలలైటు అన్నీ నక్కకు పాఠాలే. ఒక ఊరి నక్క నిలబడి చూస్తే పక్క ఊరి నక్క పరుగెత్తడానికి కారణం ఫిల్టరు కాకపోవచ్చు.

ఎరుపుకున్న పెద్ద లోపం గుర్తింపు దగ్గర. తెల్లని లేదా తేనెరంగు కాంతిలో నక్క కళ్లు తెలుపు, పసుపుపచ్చల్లో మెరుస్తాయి. మేకలు, గొర్రెలు ఆకుపచ్చ, నీలాల వైపు, చెవులపిల్లి ఎర్రగా, సాలెపురుగులు మంచుబిందువుల్లా మెరుస్తాయి. కోణాన్ని బట్టి మారినా ఆ రంగు ఒక ఆనవాలు. ఎర్రదీపం కింద అన్ని కళ్లూ ఎరుపే. కురువల గొర్రెలమంద, కాపలాకుక్కలు, చేనుకాడ పడుకున్న మనిషి ఒకే చీకట్లో ఉండే చోట ఆ ఆనవాలు పోగొట్టుకోవడం చిన్న నష్టం కాదు.

ఎర్రనేల, నల్లరేగడి

విదేశీ సలహాల్లో కనిపించని విషయం ఒకటుంది. ఎర్రదీపం ఎంత పనికొస్తుందన్నది అది పడే నేలను బట్టి ఉంటుంది. కడప ఎర్రనేలలు, ఎండిన బోదగడ్డి ఎరుపును బాగా వెనక్కి కొడతాయి. గోధుమరంగు ఒళ్లున్న నక్క కూడా అంతే. రెండూ ఒకే వెలుగులో కలిసిపోయి, తల తిప్పి కళ్లు మెరిసేదాకా నక్క ఉన్నట్టే తెలియదు. నల్లరేగడి పొలాల్లో దీనికి ఎదురు. నేల వెలుతురును మింగేస్తుంది, నక్క తేలిపోతుంది. దుక్కి దున్నిన రేగడిలో ఎరుపు, ఎర్రనేల గుట్టల్లో తేనెరంగు అని పెట్టుకోవడం ఒకే రంగును పట్టుకు వేళ్లాడటం కన్నా మేలు.

ఇదే లెక్క కాళ్ల కిందికీ వర్తిస్తుంది. ఎర్రనేల మీద చుట్టుకున్న రక్తపింజర ఒంటి మచ్చలు ఎర్రదీపంలో దాదాపు చెరిగిపోతాయి. జంతువు కోసం ఎరుపు వాడేవాళ్లు కూడా అడుగు వేయడానికి నేలకేసి వంచిన చిన్న పసుపు లైటు వేరుగా ఉంచుకోవాలి. దీన్ని జంతువు మీది దయకన్నా తక్కువగా చూడనక్కర్లేదు.

వేసవి దుమ్ములో పసుపు లైటు చొచ్చుకుపోతుందన్న నమ్మకం కూడా బాగా పాకింది. గాలిలోని మట్టిరేణువులు కాంతి తరంగాలకన్నా చాలా పెద్దవి, రంగుతో నిమిత్తం లేకుండా వెలుతురును చెదరగొడతాయి. దుమ్ములో బాగా కనిపించాలంటే రంగు మార్చడం కాదు, దీపాన్ని కళ్లకు దూరంగా పక్కకు జరపాలి. మెరుపు కోసం కళ్ల దగ్గర, దుమ్ములో కళ్లకు దూరంగా. ఈ రెండిటికీ పొత్తు కుదరదు కాబట్టి దుమ్ము లేచిన రాత్రి లెక్కలు వాయిదా వేయడమే ఉత్తమం.

కలివికోడి నేర్పిన సంగతి

దీపంతో రాత్రి జీవిని వెతకడంలో కడప జిల్లాకు ప్రపంచంలోనే పేరుంది. కలివికోడిని 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1900 తర్వాత అది శాస్త్రవేత్తల కంటపడలేదు. 1986 జనవరిలో, లంకమల కొండల కింద రెడ్డిపల్లె దగ్గర, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గాలింపు ఫలించింది. పక్షిని రాత్రి వెలుతురులో చూసి పట్టుకున్నది స్థానిక వేటగాడే. పట్టుకున్న పక్షి బతకలేదు. వెలుతురు పడగానే బిగుసుకుపోయి నిలబడే దాని స్వభావమే దాన్ని దొరికించింది, చంపింది కూడా. తర్వాత 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మీద పెద్ద చర్చ నడిచింది.

ఈ కథ ఫిల్టర్ల ప్రశ్నకు రెండు విధాల పనికొస్తుంది. మొదటిది, పక్షి కన్ను నక్క కన్ను కాదు. పక్షులకు నాలుగు రకాల శంకు కణాలుంటాయి, ఎరుపు వాటికి బాగానే అందుతుంది. నక్కల కోసం తయారైన ఎర్రదీపాన్ని ‘జంతువులకు కనబడని దీపం’ అని పక్షుల మీద వాడటం తప్పు. ఒకే బీడులో నక్క, నైట్‌జార్, కంజు అన్నీ ఉన్నప్పుడు ఒకదానికి మెత్తని వెలుతురు ఇంకోదానికి గుచ్చుకోవచ్చు.

రెండోది మరింత ముఖ్యం. 1986 తర్వాత కలివికోడిని వెతికిన శాస్త్రవేత్తలు దీపాన్ని నమ్ముకోవడం క్రమంగా తగ్గించారు. 2000ల తొలి ఏళ్లలో జగనాథన్, రిస్ గ్రీన్, రహమానీ బృందం మట్టిని సన్నగా పరిచి పట్టీలు చేసి అడుగుజాడలు చూసింది, ఆటోమేటిక్ కెమెరాలు పెట్టింది, కూతను రికార్డు చేసి వినిపించి జవాబు కోసం చెవి పెట్టింది. పొద్దుగూకిన ముప్పావుగంటకు మొదలై కాసేపట్లోనే ఆగిపోయే ఆ కూత దీపంకన్నా నమ్మకమైన సాక్షి అయింది. ఏళ్ల తరబడి జాడలేని ఆ పక్షి 2025లో మళ్లీ వార్తల్లోకి వచ్చింది కూడా రికార్డయిన కూతతోనే.

గుంటనక్కకు ఇదే పద్ధతి ఇంకా బాగా సరిపోతుంది. బొరియ దగ్గరి పట్టీలో పాదముద్రలు, పెంట, తిన్న పురుగుల తునకలు పగలే చూడవచ్చు. అందులో ఫిల్టరు ప్రశ్నే లేదు.

కనబడని వెలుతురు

ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు వచ్చాక రంగుల వాదన కొంత పాతబడింది. 850 నానోమీటర్ల దీపాలు దూరం చూపిస్తాయి, కాని వాటి ముఖాన సన్నని ఎర్రని మెరుపు కనిపిస్తుంది. 940 నానోమీటర్లవి కంటికి తెలియవు, అందుకు మూల్యంగా దూరం తగ్గుతుంది. బొరియ దగ్గర పెట్టే కెమెరాకు దూరంతో పనిలేదు కాబట్టి 940 ఎంచుకోవడం సబబు. అభయారణ్యంలో రాత్రి ఏ పరికరం పెట్టాలన్నా అటవీశాఖ అనుమతి ముందుండాలి.

ఒంటి వేడిని చూపే థర్మల్ పరికరానికి దీపమే అక్కర్లేదు. ఖరీదు ఎక్కువ. పైగా మన దగ్గర దానికి ఇంకో చిక్కు. ఎండాకాలం పగలంతా కాగిన బండరాళ్లు రాత్రి మొదటి జాములో నక్క ఒంటితో సమానంగా వేడి కక్కుతుంటాయి. బేతంచెర్ల వైపు బండనేలల్లో ఏప్రిల్, మే నెలల్లో తెరమీద రాయేదో, నక్కేదో చెప్పడం కష్టం. తెల్లవారుజామున, లేదా చలికాలంలో అదే పరికరం చక్కగా పనిచేస్తుంది.

తేల్చుకోవలసింది

ఇన్నిటినీ కలిపి చూస్తే ఎవరికి ఏది అన్నది తేలుతుంది. దారి వెంట బండిమీద వెళ్తూ నక్కల లెక్క కట్టేవాళ్లకు తక్కువ శక్తి తేనెరంగు తలలైటు చాలు. పుంజం నడిబొడ్డును కాక దాని అంచును జంతువు మీద పడనివ్వాలి, పోల్చుకోగానే పక్కకు తిప్పేయాలి. ఒకేచోట కూర్చుని ప్రవర్తన గమనించేవాళ్లకు 630కు పైన ఎర్ర ఎల్‌ఈడీ, అది కూడా కనిష్ఠ స్థాయిలో. పిల్లలున్న ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బొరియమీద ఏ దీపమూ వద్దు, 940 కెమెరా పెట్టి ఇంటికి పోవడమే. ఫొటోలు తీసేవాళ్లకు ఒక ప్రశ్న: ఆ బొమ్మ లేకపోతే లోకానికి ఏం తక్కువవుతుంది? జవాబు గట్టిగా రాకపోతే సాయంసంధ్య వెలుతురే వాళ్లకు సరైన ఫిల్టరు. బుడ్డల చేనుకు అడవిపందుల కాపలా కాసే రైతుకు ఈ చర్చతో పనేలేదు. ఆయనకు కావలసింది బెదరగొట్టే తెల్లని, మినుకుమినుకుమనే లైటు. మెత్తనిది ఆయనకు నష్టమే.

కొనుగోలు చేసే ఏ సంస్థ అయినా ఖర్చును ఈ వరసలో పెట్టుకుంటే బాగుంటుంది. ముందు వెలుతురును బాగా తగ్గించే స్విచ్చు ఉన్న తలలైటు, తర్వాత 940 కెమెరాలు, ఆ తర్వాత కూతలు రికార్డు చేసే పరికరం, మిగిలితే రంగు ఫిల్టర్లు. ఫిల్టరును చివర పెట్టడానికి కారణం అది పనికిరానిదని కాదు. మొదటి మూడూ ఉన్నచోట దాని అవసరం సగానికి పడిపోతుంది. అవి లేనిచోట ఎంత మంచి ఫిల్టరయినా వాటి లోటు తీర్చలేదు.